ఊరికే వచ్చి పోవడం

కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో కూర్చుని, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఆయన్ని అందరూ మేస్త్రి అనేవారు. భార్య పోయాక ఆయన మాట్లాడే మాటలన్నీ దుకాణంలోవే. "ముక్కు మీద ఒత్తుతోందా?" "చెవి వెనక నొప్పిగా ఉందా?" అంతే. సాయంత్రం షట్టరు దించాక మళ్లీ పొద్దున ఎత్తేదాకా నోరు విప్పే పనే ఉండేది కాదు.

ఒకరోజు, రిటైరైన ఇంగ్లీషు టీచరమ్మ కొత్త జోడు తీసుకోవడానికి వచ్చింది. పెట్టుకుని, గోడమీది చార్టు అట్టడుగు వరసదాకా గడగడా చదివేసి పొంగిపోయింది. వెళ్తూ వెళ్తూ, "ఎప్పుడైనా డ్రాప్ ఇన్ అవ్వండి మేస్త్రిగారూ. పార్కు వెనక వీధి, పచ్చ గేటు" అంది.

కళ్లజోళ్ల దుకాణంలో డ్రాప్ అంటే ఒకటే, కంట్లో వేసే చుక్కల మందు. "చుక్కలు మేం వెయ్యకూడదమ్మా, డాక్టరుగారే వెయ్యాలి" అన్నాడు.

దుకాణం యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. టీచరమ్మ మాత్రం బళ్లో నిలబడ్డట్టే నిలబడింది.

"డ్రాప్ విడిగా అయితే చుక్క. ఇన్ విడిగా అయితే లోపల. రెండూ కలిశాయా, అర్థమే మారిపోతుంది. ఊరికే వచ్చి పోవడం. పిలవక్కర్లేదు, ముందుగా చెప్పక్కర్లేదు, పనుండక్కర్లేదు. టైము పెట్టుకుని వెళ్లేదానికి ఆ మాట వాడం."

ఆ మాట ఆయన్ని వదల్లేదు. పని లేకుండా ఎవరింటికైనా వెళ్లి ఎన్నాళ్లయిందో! భార్య ఉన్నప్పుడు ఆమె వెనకాలే వెళ్లి ఓ మూల కూర్చునేవాడు. కబుర్లన్నీ ఆవిడవి, తలూపడం ఈయనది.

దుకాణం సెలవు రోజున నున్నగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. ఎందుకైనా మంచిదని చిన్న స్క్రూడ్రైవరు జేబులో వేసుకున్నాడు.

పచ్చ గేటు ఇంటి తలుపు టీచరమ్మ కోడలు తీసింది. లోపల ఇంటినిండా చుట్టాలు. "ఎవరండీ? ఏం పని?"

పని అనేసరికి ఆయన చెయ్యి జేబులోని స్క్రూడ్రైవరు మీదికి పోయింది. "అమ్మగారి జోడు... స్క్రూ వదులైందేమో చూద్దామని."

టీచరమ్మ లోపలినుంచి వచ్చి చూసి, ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక గతుక్కుమని, జోడు తీసి ఇచ్చింది. స్క్రూ బిగువుగానే ఉంది. అయినా తిప్పినట్టు నటించాడు. అది చూసి ఒక చుట్టం తన జోడు ఇచ్చాడు, ఇంకొకాయన తనదీ ఇచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి అందరివీ బిగించి, వచ్చినదారినే వెళ్లిపోయాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

నాలుగు రోజులు పోయాక టీచరమ్మ దుకాణానికి వచ్చింది. "స్క్రూ వదులవలేదు కదూ?"

"లేదమ్మా. పనేంటని అడిగారు. ఏమీ లేదనడం చేతకాలేదు."

ఆమె కౌంటరు అద్దం మీద వేలితో గీతలు గీసింది. "ఆ మాట ఎంతమందితో అన్నానో నాయనా. నిజంగా వచ్చింది మీరొక్కరే. వస్తే ఏం చెయ్యాలో నాకే తోచలేదు. వచ్చే సెలవుకి రండి. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే."

"టైము చెబితే అది డ్రాప్ ఇన్ కాదు కదమ్మా."

"కాదు" అని నవ్వేసింది. "అయినా రండి."

వెళ్లాడు. టీ ఇచ్చింది. ఎండ గురించి, అద్దాల గురించి మాట్లాడుకున్నారు. ఆ రెండూ అయిపోయాక మాటలు నిండుకున్నాయి. టీచరమ్మ కుర్చీలోనే కునుకు తీసింది. వెళ్లిపోవాలో ఉండాలో ఆయనకి తేలలేదు. కప్పులు కడిగి బోర్లించి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

ఆమె కళ్లు తెరిచి, "ఉన్నారా ఇంకా!" అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మీ ఆవిడ ఎలా ఉండేది?"

ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. అందరూ ఎలా పోయిందనే అడిగారు. "గలగలా మాట్లాడేదమ్మా. నిద్రలో కూడా ఎవరినో పలకరించేది" అని మొదలుపెట్టి, పొద్దు వాలేదాకా చెబుతూనే ఉన్నాడు. టీచరమ్మ మధ్యలో అడ్డు రాలేదు.

బయటికొచ్చేసరికి వీధిలైట్లు వెలిగాయి. ఇంటికి వెళ్లి వంట చేసుకున్నాడు, ఒక్కడికి సరిపడా.