నల్లపెట్ట గుడ్డు

మా పాపకి నాలుగేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే స్టీలు ప్లేటులో ఉడికించిన గుడ్డు పెట్టేవారు. పాప రోజూ కక్కుకునేది. ఇంటికొచ్చాక జ్వరమైతే పోయింది గాని తిండి సయించలేదు. నోట్లో పెట్టిన ముద్ద బుగ్గనే ఉండిపోయేది. చేతులు పుల్లలైపోయాయి.

"రోజుకో గుడ్డయినా లోపలికి పోవాలమ్మా. లేకపోతే మళ్లీ చేర్చుకోవాల్సి వస్తుంది," అన్నారు డాక్టరుగారు.

తెల్ల గుడ్డు కనపడితే చాలు, "అది ఆసుపత్రి గుడ్డు" అని పాప నోరు బిగించేసేది. "రంగు గుడ్డయితే తింటా" అని ఒకసారి అంది. ఆ మాట పట్టుకుని వేలాడాను నేను.

ముందు మోసం చేశాను. తెల్ల గుడ్లు టీ డికాక్షన్‌లో నానబెట్టి పెట్టాను. పాప గోటితో గీకి, తెల్లటి గీత చూపించి, నా మొహంలోకి చూసింది. సిగ్గుతో చచ్చాను. బజార్లో నాటుగుడ్లంటే నమ్మి కొనుక్కొస్తే, నా ఖర్మ, అవీ డికాక్షన్‌వే! ఇక పాప, కోడి పెడుతుండగా కళ్లారా చూస్తేనే తింటానని మొండికేసింది.

మావారు ఆఫీసు ఇంటర్నెట్‌లో నీలం గుడ్లు, ఆకుపచ్చ గుడ్లు పెట్టే విదేశీ కోళ్ల బొమ్మలు ప్రింటు తీసుకొచ్చారు. ఆ కాగితం పట్టుకుని మాదాపూర్ నుంచి చందానగర్ మార్కెట్‌కి పరుగెత్తాను. నాటుకోళ్లమ్మే ముసలామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది.

"గిసొంటి కోళ్లు ఈడ యాడ దొరుకుతయమ్మా? జర చెవులు చూస్కో. చెవి కింద తెల్లగుంటే తెల్ల గుడ్డు, ఎర్రగుంటే ఎర్ర గుడ్డు. ఫికర్ చెయ్యకు."

ఒక్కో కోడినీ ఒళ్లో పెట్టుకుని, ఈకలు పక్కకి తీసి చెవులు వెతికాను. ఎర్ర చెవులున్న రెండు పెట్టల్ని ఎంచుకున్నాను. ఒకటి ఇటుక రంగుది, ఒకటి నల్లది. పెరట్లో నీళ్ల తొట్టి పక్కన బుట్ట కింద పెట్టాను.

అప్పుడు మా ఇంటి వెనక గుట్టలు పేల్చి ఆఫీసులు కడుతున్నారు. మందుగుండు పేలినప్పుడల్లా కోళ్లు బుట్ట కిందే ముడుచుకుపోయేవి. రోజులు గడుస్తున్నాయి, గుడ్డు లేదు. పాప బరువు ఇంకా తగ్గింది. చివరికి ఇటుకరంగుది పెట్టింది, పాలిపోయిన గుడ్డు. పాప మొహం తిప్పేసుకుంది. ఆ రోజు బుట్ట ముందు కూలబడి ఏడ్చాను. మా అత్తగారు కూడా రోజూ పెరట్లోకి వచ్చి నల్లపెట్టనే చూసి వెళ్లేవారు. ఎందుకో నేను అడగలేదు.

ఒక ఆదివారం పనులాగిపోయి, గుట్టలు నిశ్శబ్దంగా ఉన్నాయి. నల్లపెట్ట గుడ్డు పెట్టింది. గులాబీ కలిసిన గోధుమ రంగు! పాప చూస్తుండగానే పెట్టింది. వెచ్చటి గుడ్డుని పాప గోటితో గీకింది. రంగు పోలేదు.

"ఇది నాది. పడుకుని లేచి తింటా," అంది.

గుడ్డుని బియ్యం డబ్బాలో దాచి, పాపని పడుకోబెట్టాను. పొయ్యి మీద నీళ్లు పెట్టి డబ్బా మూత తీస్తే గుడ్డు లేదు. పెరట్లోకి పరుగెత్తాను. మా అత్తగారు అప్పుడే బయటినుంచి వచ్చి, పెరటి గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు.

"దిష్టి తీసి మూడు దారుల దగ్గర పడేసొచ్చానమ్మా. నల్లకోడి గుడ్డయితేనే దిష్టి పోతుంది. ఇన్నాళ్లూ దీని కోసమే కాచుకున్నాను," అన్నారు.

నోటికొచ్చినట్టు అరిచాను. "నా బిడ్డ నోటి దగ్గరది తీసుకెళ్లి రోడ్డున పారేశారు! చంపేస్తారా దాన్ని?" అన్నాను. ఆవిడ తడి కాళ్లతో అక్కడే కూర్చుండిపోయారు.

"అది పాప కోసమని నాకు చెప్పలేదేమ్మా?" అన్నారు నెమ్మదిగా.

నిజమే, చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు.

వెనక్కి తిరిగితే పాప నిద్రలేచి వణుకుతూ నిలబడి ఉంది.

"నాయనమ్మని తిట్టకమ్మా. తెల్లది తింటా."

ఇంట్లో ఉన్న తెల్ల గుడ్డు ఉడికించి పెట్టాను. తింది. నా మొహం మీద నుంచి చూపు తిప్పకుండా, ఒక్కో ముక్కా కష్టపడి మింగుతూ, ఆసుపత్రి గుడ్డు మొత్తం తింది. ఆకలేసి కాదు, నేనంటే భయమేసి తింది. అది తెలిసి కూడా, ఇక చాలు అని నేను అనలేదు.