గోదావరిలో గుండ్రంగా

గోదావరికి ఇవతల, నస్పూర్ పక్కన బొగ్గుగని క్వార్టర్లలో మా ఇల్లు. అవతల నేను పాఠాలు చెప్పే బడి. అంటే ఆదిలాబాదు జిల్లాలో వంట చేసి కరీంనగర్ జిల్లాలో నల్లబల్ల ముందు నిలబడాలి. మధ్యలో ఉన్నది ఒక్క నాటుపడవ. అది నిండితేనే కదులుతుంది. నిండటమంటే మనుషులు నిండటం కాదు, నిండిందని పడవతనికి తోచడం.

మా హెడ్మాస్టరుదీ మా ఒడ్డే. ఇద్దరం ఒకే పడవలో కూర్చుని, ఒకే ఆలస్యంతో దిగేవాళ్లం. ఆయన దిగి, బళ్లోకి నడిచి, హాజరు పుస్తకం తీసి, నా పేరు ఎదుట ఎర్ర సిరాతో గీత గీసేవాడు. ఆయన ఆలస్యానికి గీత లేదు, గీసేది ఆయనే కాబట్టి. అట్లా రెండు గీతలు పడ్డాయి. నాది ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం. మూడో గీత పడితే నౌకరీ పోతుందని ఆయనే చెప్పాడు, ఎంతో నొచ్చుకుంటున్నట్టు ముఖం పెట్టి.

"మనిద్దరం ఒక్క పడవల్నే వస్తిమి గద సార్," అన్నాను.

"బి.ఏ. చదివినోళ్లకు వాదులాట ఎక్కువమ్మా," అన్నాడు.

ఇంట్లో చెబితే మా ఆయన పేపరు మీంచి తల ఎత్తలేదు. "పోతే పోనీ. నీ జీతం లేకుంటె మన పొయ్యిల పిల్లి లేవదా?"

లేస్తుంది. దాని జాగాలో నేను పడుకోవాలి, అంతే.

మర్నాడు పడవతన్ని అడిగాను. పెందలాడే వస్తాను, గడ పట్టడం నేర్పు, నా దారి నేను చూసుకుంటానని. అతను నాలుక కరుచుకున్నాడు.

"ఆడోళ్లు గడ వడితె గంగమ్మకు కోపమొస్తదమ్మా."

"గంగమ్మ ఏమన్న మొగోడా?"

పాపం, ఆలోచనలో పడ్డాడు. సరిగ్గా అప్పుడే అతని వెనక, నీళ్ల మీద, వలలు తీసుకుని అతని భార్య వస్తున్నది. ఒక్కతే, పుట్టిలో. పుట్టి అంటే వెదురుతో అల్లి తోలు కప్పిన పెద్ద గుండ్రటి బుట్ట.

"మరి ఆమె?"

"అది పుట్టి గదమ్మా. పడవ కాదు."

మగవాడు గడ పడితే అది విద్య. ఆమె పెళ్లయిన నాటి నుంచి పుట్టి తిప్పుతుంటే దానికి పేరే లేదు. ఆమె మాత్రం మా మాటలన్నీ విని, వల దులుపుకుంటూ, "రేపు పొద్దుగాల రా పంతులమ్మా," అన్నది.

పోయాను. కూర్చుని, దర్జాగా తెడ్డు కుడివైపు వేశాను. పుట్టి తిరుగలిలా తిరిగింది. ఎడమవైపు వేశాను. అటునుంచి ఇటు తిరిగింది. కాలేజీలో భూభ్రమణం చదివినదాన్ని, ఇప్పుడు చేసి చూపిస్తున్నాను. ఎదురుగా కూర్చున్న ఆమెకు నవ్వాగలేదు.

"పక్కకెందుకేస్తవ్? ముందల ఎయ్యి. చాటల బియ్యం దగ్గరికి గుంజుకున్నట్టు నీళ్లను కడుపుదిక్కు గుంజు."

ఏడో రోజుకు అవతలికి పోయి తిరిగి రాగలిగాను. భుజాలు పైకి లేవక, వారమంతా బోర్డు మీద కింది సగంలోనే రాశాను.

తర్వాత ఒకనాడు, కరీంనగర్ నుంచి ఇన్స్పెక్టరు జీపులో బడికి వచ్చే రోజే, పడవ ఆగింది. ఊరి పటేల్ ఇంటి చుట్టాలు వచ్చేదాకా తీయొద్దని కబురట. హెడ్మాస్టరు ఒడ్డున రుమాలు పరుచుకుని కూర్చున్నాడు.

"ఏం చేస్తం? పెద్దోళ్ల పని."

"గీ గీత గూడ నాకేనా సార్?"

"రూల్ రూలే."

నేను పుట్టి దగ్గరికి నడిచాను. ఆయన వాచీ చూసుకున్నాడు, అవతలి ఒడ్డు చూశాడు, చెప్పులు చేత పట్టుకుని నా వెనకే వచ్చాడు. "జర నన్ను గూడ..."

"ఆరు మేకలు వడతయి, మీరు వట్టరా సారూ," అన్నది పడవతని భార్య. "కూసోండ్రి. నడుమల లేవకుండ్రి."

నేను తెడ్డు వేస్తుంటే, రెండు చేతులా పుట్టి అంచు పట్టుకుని, కళ్లు మూసుకుని నది దాటాడాయన. గంట కొట్టకముందే బళ్లో ఉన్నాం. గీత పడలేదు.

మధ్యాహ్నం ఇన్స్పెక్టరు అడిగాడు, పడవ ఆగిందట కదా, ఎట్లా వచ్చారని.

"పుట్టి ఉండె సార్. పంతులమ్మను గూడ కూసోవెట్టుకొని తెచ్చిన," అన్నాడు మా హెడ్మాస్టరు, నా ముందే. ఇన్స్పెక్టరు ఆయన ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. నన్నెరిగినవాళ్లు ఈ మాట నమ్మరు.

మర్నాడు మళ్లీ పడవ నిండలేదు. ఆయన ఎవరినీ అడగకుండా వచ్చి, అత్తగారిచ్చిన బండి ఎక్కినట్టు పుట్టి ఎక్కాడు. ఒడ్డున పదిమంది చూస్తున్నారు. నేను ఎదురుగా కూర్చుని తెడ్డు ఆయన ఒళ్లో పెట్టాను.

"నిన్న తెచ్చినట్టే తీస్కపోండ్రి సార్."

వద్దనడానికి లేదు. కుడివైపు వేశాడు. తిరిగింది. ఎడమవైపు వేశాడు. ఇటు తిరిగింది.

"సదువుకున్నోళ్లందరు గట్లనే తిరుగుతరా?" అని ఒడ్డు మీంచి అడిగింది పడవతని భార్య.

నాలుగు చుట్లయ్యాక ఆయన తెడ్డు నా చేతికిచ్చి, ఒడ్డుకు వినబడకుండా అన్నాడు. "హాజరు సంగతి ఫికర్ చెయ్యకుండ్రి. ఇగ గీతలుండయి."

సరేనన్నాను. అవసరం లేకపోయినా ఇంకో రెండు చుట్లు తిప్పి, అప్పుడు తెడ్డు ముందుకు వేశాను.