వసుధ గారి గదిలో మా అమ్మాయి నవ్వు

మణికొండలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దిగగానే ఎవరింట్లోనో కొబ్బరినూనె వేడిచేస్తున్న వాసన తగిలింది. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది మా అమ్మ కాదు, వసుధ గారు. పిల్లల మనసుకు తగిలిన దెబ్బలు మాన్పడం ఆమె వృత్తి. నేను అంతగా అసూయపడిన మనిషి మరొకరు లేరు.

మా ఆయన శ్రీను రాయదుర్గం దగ్గర బైకు ప్రమాదంలో పోయినప్పుడు వెనక సీటు మీద మా అమ్మాయి నిత్య ఉంది. అప్పుడు మూడో తరగతి. గాయాలు మానాయి కానీ మాట తగ్గిపోయింది. ఎంత మూసుకున్న నోరైనా తెరిపించగల విలేకరినని పేరు తెచ్చుకున్న నాకు, నా బిడ్డ ఏమీ చెప్పలేదు. దాన్ని బాధపెట్టకూడదని ఇంట్లో ఆయన ఫోటో తీసేశాం. పేరెత్తడం మానేశాం.

"ఇంట్లో ఎంతమంది కలిసి అన్నం తింటారో అందరూ రావాలండి" అన్నారు, నిత్యను తీసుకెళ్ళిన మొదటి రోజే వసుధ గారు. తర్వాతి వారం మా అత్తమ్మ ఆమె గది గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నాకేమైందని డాక్టరమ్మా? నేనేమన్న పిచ్చిదాన్నా?"

"మీకేం కాలేదమ్మా. కానీ పోయింది మీ అబ్బాయి కదండీ."

అత్తమ్మ చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చుంది. మా ముందు ఆమె ఏడవడం అదే మొదటిసారి.

నిత్య నిద్ర, తిండి, బడిలో పక్కన కూర్చునే పిల్ల, నేను ఇల్లు చేరే వేళ, అన్నీ వసుధ గారికి కావాలి. బడి టీచరుతో ఆమే మాట్లాడేవారు. ఆ గదిలోనే అత్తమ్మ చేత గోరువెచ్చని నూనెతో మనవరాలి తలకు మర్దన చేయించేవారు. నాకు అప్పగించిన పని ఒక్కటే: పాపను ఏమీ అడక్కుండా పక్కన కూర్చోవడం. నా జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు.

ఒక శనివారం నిత్యను ఒక్కదాన్నే లోపల ఉంచుకున్నారు. బయట ఎదురుచూస్తున్న మాకు నవ్వు వినిపించింది. నెలల తర్వాత మా అమ్మాయి నవ్వు. నాకు మాత్రం కడుపు మండిపోయింది.

"ఆమె దగ్గరే ఎందుకు నవ్వాలి అత్తమ్మా?"

"గా కుళ్ళేంది బిడ్డా? దవాఖానల నర్సు సూదేస్తే, నాతోని ఎందుకు ఏయించలేదని కొట్లాడుతవా?"

నిత్య ఏం చెప్పిందని వసుధ గారిని నిలదీశాను.

"నా నోటి నుంచి వింటే మీకు వార్త దొరుకుతుందండి, పాప దొరకదు. ముందు వాళ్ళ నాన్న పేరు ఇంట్లో వినపడనివ్వండి."

కోపంగానే ఇంటికొచ్చాను. అయినా ఫోటో మళ్ళీ గోడకు పెట్టాను. అన్నాల దగ్గర అత్తమ్మ మొదలుపెట్టింది: "మా శ్రీనుగానికి గోంగూర ఉంటే ఇంకోటి వద్దు." నిత్య కంచంలోంచి తలెత్తి చూసింది.

కొన్నాళ్ళకు, నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. "డాడీని బండి తొందరగా పోనియ్యమన్నది నేనే అమ్మా. అందుకే కదా, మీరెవ్వరూ డాడీ పేరు చెప్పేవాళ్ళు కాదు?"

గొంతులోకి వచ్చిన ప్రశ్నలన్నీ మింగేశాను. "నీ వల్ల జరగలేదు తల్లీ" అని ఒళ్ళోకి లాక్కున్నాను. వెక్కి వెక్కి ఏడ్చింది. తేరుకున్నాక ఆశ్చర్యంగా అంది: "వసుధ ఆంటీకి చెప్పినప్పుడు ఏడుపు రాలేదమ్మా. నీకు చెప్తుంటేనే వస్తోంది."

వసుధ గారు తర్వాత వేరే ఊరికి వెళ్ళిపోయారు. నిత్య ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఏదైనా చెప్పబోయి ఆగిపోతే, నేనూ ఆగుతాను. ఆగడం వసుధ గారి దగ్గర నేర్చుకున్నదే. అసూయ మాత్రం పోలేదు. నా బిడ్డ బాధను నాకంటే ముందు విన్నది ఆమె. విని, దాన్ని నాకోసం అట్టేపెట్టిందీ ఆమే.