పక్క కాగితం చూసి పెట్టిన టిక్కులు

కొత్త కోడలిగా జమ్మలమడుగులో అడుగుపెట్టిన ఆ తొలి రోజుల్లో నేను దేవుడికంటే ఎక్కువగా అక్షరాలకు భయపడేదాన్ని. పెళ్లి మాటల్లో మా నాయన "పిల్ల ఏడో తరగతి" అని చెప్పేశాడు. (నేను బడి గడప తొక్కింది ఒక్కసారే, మా తమ్ముడికి సద్ది ఇచ్చి రావడానికి.) ఆ అబద్ధం బయటపడితే మా అత్త నన్ను ప్రొద్దుటూరు బస్సెక్కించి పుట్టింటికి పంపేస్తుందని రెండేళ్లు వణుకుతూనే కాపురం చేశాను. చర్చిలో పాస్టరయ్య వాక్యం చెప్పగానే, పక్కావిడ బైబిలు ఎంత మందాన తెరిచిందో ఓరకంట చూసి నాదీ అంతే మందాన తెరిచేదాన్ని. ఎవరికీ అనుమానం రాలేదు.

మా ఆయనను చర్చిలో సంఘ పెద్దగా నిలబెట్టాలనుకున్న ఏడాది నా ప్రాణం మీదికొచ్చింది. పాస్టరయ్య పులివెందులలో కూటాలకు పోయి, సంసారాలు సరిదిద్దే పుస్తకాలు ఒక కట్ట తెచ్చాడు. వాటిలో భార్యాభర్తలకు ప్రశ్నల కాగితాలున్నాయి. "పెద్దగా నిలబడేవాని ఇల్లు ముందు సక్కగా ఉండాల. ఇద్దరూ మాట్లాడుకోకుండా, సదివి టిక్కులు పెట్టండప్పా" అని ఆదివారం ఆరాధన అయ్యాక మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టాడు. ఒక్కో ప్రశ్న పక్కన మూడు గడులు. (రోజూ, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు అని వాటికి అర్థమట.) అలవాటైన విద్యే కదా అని, మా ఆయన ఏ వరసలో ఏ గడిలో టిక్కు పెడితే నేనూ అక్కడే పెట్టాను. వెంటనే ఇచ్చేస్తే బాగుండదని, ఆలోచిస్తున్నట్టు కాసేపు పెన్సిలు కొరికాను కూడా. మగవాళ్ల ప్రశ్నలు వేరు, ఆడవాళ్ల ప్రశ్నలు వేరు అని నాకెలా తెలుస్తుంది?

మరుసటి సాయంత్రం పాస్టరయ్య ఇంటికి రమ్మని కబురొచ్చింది. మా ఆయనా, నేనూ, పిలవకపోయినా మా అత్తా వెళ్లాం. పాస్టరయ్య పుస్తకంలో ఒక పేజీ దగ్గర వేలు పెట్టుకొని, "ఏమప్పా, ఈ పిల్లను రోజూ కొడ్తాండావంట?" అన్నాడు. మా ఆయన ఆ పేజీలోకి తొంగి చూశాడు. (ఇంట్లో కోడిని కోయాలన్నా పక్కింటాయన్ను పిలిచే మనిషి.) "ఇద్దరూ కలిసి ప్రార్థన చేసింది ఎన్నడూ లేదంట. ఇట్లుంటే పిల్లను కొన్నాళ్లు పుట్టింట్లో పెట్టమని ఈ పుస్తకంలో ఉంది."

పుట్టింట్లో! మా అత్త లేచింది. నా జుట్టు పట్టుకుంటుందనుకుంటే, కొడుకు వీపు మీద ఒక్కటేసింది. "ఒక్కింట్లోనే ఉండాను గదరా, నా చెవులకు ఇనపడకుండా యాడ కొడ్తాండావు?"

"లేదుమ్మా, ప్రమాణంగా..."

"నోర్ముయ్. ఆ పిల్ల అబద్ధం రాస్తాదా?"

నోరు మూసుకుంటే ఆయన పేరు పోతుంది, విప్పితే నా కాపురం పోతుంది. అత్త రెండో దెబ్బకు చెయ్యెత్తింది. కళ్లు గట్టిగా మూసుకొని, "కొట్టొద్దత్తా, నాకు సదువు రాదు. ఆయన కాగితం చూసి పెట్టినా" అన్నాను.

పాస్టరయ్య రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. నేను 'రోజూ కొడతాడు' అని పెట్టిన వరసలో ఆయన ప్రశ్న 'నీ భార్య పనిని మెచ్చుకుంటావా' అట. పాస్టరయ్య నవ్వాడు, వీపు రుద్దుకుంటూ మా ఆయనా నవ్వాడు. అత్త నవ్వలేదు.

"సదువు రాదా? నాకు కండ్లు మసకలని రెండేండ్ల నుంచి పొద్దున్నే బైబులు సదువుతాండావే, అదేంది?"

"చర్చిలో ఇన్నది చెప్తాంటి. గుర్తులేని కాడ... నేనే కల్పించినా."

"తప్పిపోయిన గొర్రె పెన్నా ఏటి ఇసుకలో కాలు ఇరుక్కొని ఏడ్సేది?"

"అదీ నేనే."

పాస్టరయ్య గబగబా పుస్తకం తిరగేశాడు. (ఇలాంటి దానికి అందులో మందు లేనట్టుంది.) మా అత్త కొంగు బిగించి వాకిలి దాకా పోయి, వెనక్కి తిరిగింది.

"పొద్దున దాన్ని ఆ ఇసుకలోనే ఇడిసిపెట్టినావు. ఇంటికి పద. అది బయటికొచ్చిందో లేదో చెప్దువు."

మా ఆయన ఆ ఏడు సంఘ పెద్దయ్యాడు. నేను యాభై దాటాక వయోజనుల బడిలో అక్షరాలు దిద్దాను. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ బైబిల్లో మొదట వెతికి చదివింది ఆ గొర్రె సంగతే. నాలుగు మాటల్లో అయిపోయింది. పెన్నా లేదు, ఇసుక లేదు. అత్త బతికుంటే "ఇంతేనా?" అనేది. ఇప్పుడు ఒక పేజీకి నాకు పావుగంట పడుతుంది. అక్షరం ముక్క రాని ఆ పిరికి పిల్ల మాత్రం ఎంత గడగడా చదివేదో!