ఇంకా పైకి, బేటా

ఆదిలాబాద్‌లో నేను పాఠం చెప్పే కాలేజీ ల్యాబులో ఎసిటిక్ యాసిడ్ సీసా మూత తీశానంటే చాలు, ఆ ఘాటుకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి, రజియా మేడం గుర్తొస్తారు. కరీంనగర్‌లో నాకు పరిశోధన నేర్పింది ఆవిడే. తల్లి బొచ్చె, తండ్రి రవ్వ అయిన సంకర చేపల క్రోమోజోముల మీద మా పని. పొద్దంతా ఆ పుల్లటి వెనిగర్ వాసనలోనే ఉండేవాళ్లం. "ఉల్లిగడ్డలు సిర్కాల నానబెట్టి వచ్చినవా అని అడుగుతరు బేటా మా ఇంట్ల" అని నవ్వేవారు.

చేప కణాలు కలిపిన ద్రవాన్ని చల్లటి గాజు పలక మీద చుక్కగా వదలాలి. ఎత్తు నుంచి పడితేనే కణం చిట్లి, లోపలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి. మేడం పొట్టి మనిషి. బుర్ఖా అంచు ఎత్తి పట్టుకుని స్టూలెక్కేవారు, చుక్క గురి తప్పేది కాదు. నేనేమో పలకకు ఆనించినంత దగ్గర నుంచి వదిలేదాన్ని. ఆవిడ వేలు పైకి చూపించేవారు. "ఇంకా పైకి, బేటా. జర ఇంకా పైకి." నేను ధైర్యం చేసి చెయ్యెత్తితే, చుక్క వచ్చి ఆవిడ చెప్పు మీద పడేది.

మా బాపు సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసేవాడు. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు, అందుకేనేమో మాట్లాడకపోవడమే నాకు అలవాటైంది. "ఈ అమ్మాయికి ఏమీ రాదు, మాన్పించేద్దాం" అని సమీక్షకు వచ్చిన పెద్దసారు నా ముందే అనేశాడు. ఇక ఇంటికే అనుకున్నాను. మేడం తొణకలేదు. "ఏం రాదని ఎట్లంటరు సార్? ఇంకా పలుకలే, గంతే."

ఆ మాటకు అర్థం తర్వాత తెలిసింది. సంకర చేప లివర్‌లో, రవ్వ నుంచి వచ్చిన ఒక జీను పనిచేస్తున్న జాడే దొరకలేదు. తండ్రి జీను పోయిందని చెప్పాను. "యాడికి పోతది? రవ్వ క్రోమోజోములు నీ కండ్లతోని చూసినవ్ గదా! ఉండుడు వేరు, పలుకుడు వేరు. కండల చూడు" అని కసిరారు. కండలో చూస్తే, అదే జీను చక్కగా పనిచేస్తోంది. ఆ రోజు నా గొంతు వరండా దాకా వినబడిందట.

పోయిన నెల మేడంకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నన్ను గుర్తుపడతారో లేదోనని దారంతా దిగులుపడుతూ కరీంనగర్ వెళ్లాను. కోడలు షహనాజ్ మంచం పక్కన స్టూలు వేసింది. "అమ్మీకి ఏం సమజ్ అయితలేదక్కా. ఎవ్వరొచ్చినా గట్లనే చూస్తది" అంది. కళ్లలో మందు వేసే వేళయితే, నేను వేస్తానని సీసా తీసుకుని, వంగి, కంటికి దగ్గరగా పట్టాను.

దుప్పటి కింద నుంచి మేడం ఎడమ చెయ్యి మెల్లగా బయటికి వచ్చింది. వేలు పైకి చూపించింది. నేను సీసా కొంచెం ఎత్తాను. వేలు దిగలేదు. ఇంకొంచెం ఎత్తాను. పెదవి ఒక పక్కకు నవ్వింది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మందు చుక్క చెంప మీద పడింది.

"ఏం సమజ్ అయితలేదని ఎవ్వరికీ చెప్పకు షహనాజ్" అన్నాను. "ఇంకా పలుకలే, గంతే."