ఓపిక పట్టమన్నాను

ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. ఇరవై ఏళ్ల పైనే అయింది. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి మళ్లీ లోపలికే దిగిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను ఒరిస్సాలోని ఛత్రపూర్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తాను. బరంపురంలో కొన్న ఒక ఇంగ్లీషు పుస్తకం నన్ను పట్టుకుంది. షేర్లలో డబ్బు ఎలా పెట్టాలో చెప్పే పుస్తకం. మూడుసార్లు చదివి, నేనూ కొన్ని షేర్లు కొన్నాను. రాసినాయన ఏ దేశంవాడో, ఎప్పటి మార్కెట్ చూసి రాశాడో ఆలోచించలేదు. కనిపించినవాళ్లందరికీ అదే పాఠం చెప్పేవాణ్ని. తెలివైనవాణ్నన్నారు. ఆ మాట రుచి మరిగాను.

సముద్రపొడ్డున ఉన్న చమఖండి నుంచి మా వీధికి చేపలు తెచ్చే నూకమ్మ కూడా విన్నది. పాత పడవ అమ్మి, కొత్త పడవ కోసం దాచుకున్న డబ్బు నా చేతిలో పెట్టింది. కాగితాలు నేనే నింపాను, ఆమె వేలిముద్ర వేసింది. ఆ డబ్బు పెట్టిన కంపెనీలు రెండూ నేను ఎంచినవే. వాటి లాభనష్టాలు ఎన్నడూ విచారించలేదు. పుస్తకం చదివాను కదా!

మార్కెట్ పడింది. రెండు వారాలు చూశాను. మూడో వారం భయం ఆగక బరంపురం వెళ్లి నా షేర్లన్నీ అమ్మేశాను. నష్టమే, అయినా చాలావరకు దక్కింది. మర్నాడు పొద్దున్నే నూకమ్మ వచ్చింది. నెత్తి మీది తట్ట కూడా దించలేదు.

"బాబూ, అందరూ ఏటేటో అంటన్నారు. నానూ అమ్మీమంటారా? మీరేటి సేసినారు?"

"నేనేటీ అమ్మలేదు నూకమ్మా. ఓపిక పట్టు. పుస్తకంలో అదే ఉంది."

"మీరు సదువుకున్నోలు. మీరు ఉంచితే నానూ ఉంచుతాను."

ఎందుకన్నాను అలా? నేను భయపడి అమ్మేశానని తెలిస్తే, ఇన్నాళ్లూ ఆమె ముందు చూపించుకున్న తెలివంతా అరువు తెచ్చుకున్నదేనని బయటపడుతుందని. అంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు. ఓపిక పట్టమని పుస్తకంలో ఉన్నది నిజమే. కానీ అది పోయినా తిండికి లోటు రాని డబ్బుకి. ఆ సంగతీ అందులోనే ఉంది, నేను దాటేశాను. రాసినాయన నూకమ్మను ఎరగడు. నేను ఎరుగుదును.

ఒక కంపెనీ మూతపడింది. రెండోదాన్ని కొనేవాడు లేడు. పడవ రాలేదు. ఆమె భర్త గుజరాత్ పోయి పరాయి పడవల మీద పనిచేసి, ఊపిరితిత్తుల జబ్బుతో తిరిగొచ్చి, ఏడాది తిరక్కుండా చనిపోయాడు. నూకమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తన రాత అంది. నేనూ తనలాగే మునిగానని నమ్మి, నా మీద జాలిపడి, అప్పుడప్పుడూ ఒక చేప ఊరికే ఇచ్చిపోయేది. వద్దనలేకపోయాను. వండితే తిన్నాను కూడా.

నాకు దక్కినదాంట్లో సగం ఆమెకు ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు.

పోయిన వానాకాలం నూకమ్మ చనిపోయింది. ఇక క్షమించడానికి ఎవరూ లేరు. మీరూ క్షమించకండి. ఆమె వచ్చి అడగడానికి ముందురోజే నేను అమ్మేశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక కాసేపు ఊపిరి తిన్నగా ఆడింది. అంతే.