ఇంజిన్ కడుపులో బంతిరేకులు

ఇవాళ విశ్వకర్మ పూజ. బిష్టుపూర్ రోడ్డంతా ఆటోల మూతులకు బంతిదండలు వేలాడుతున్నాయి. అగరొత్తుల వాసనా డీజిల్ వాసనా కలిసిపోయి గాలి మత్తుగా ఉంది. నా కారు తాళం తిప్పగానే స్టీరింగ్ వెనక ఆయిల్ ప్రెషర్ ఎర్రదీపం వెలిగి, మరుక్షణం ఆరింది. అది ఆరేదాకా ఊపిరి బిగబట్టడం నాన్న నుంచి నాకు వచ్చిన ఆస్తి. వేరే ఆస్తులు ఇచ్చినా వద్దనేదాన్ని కాదు.

నాన్న గోవింద్‌పూర్‌లో లారీల ఫ్యాక్టరీలో ఇంజిన్లు బిగించి బిగించి రిటైరయ్యారు. ఆ తర్వాత ఊరుకోలేక ఒక ముసలి జీపు కొన్నారు. అమ్మ దాన్ని ‘నా సవతి’ అనేది. ఆ వానాకాలమంతా పెరటి షెడ్డులో నాన్న దాని ఇంజిన్ విప్పి, కొత్త బేరింగులు వేసి, బల్ల మీద బోర్లా పడుకోబెట్టి తుడుస్తూ గడిపారు. తడి మట్టి, కిరసనాయిలు, వంటింట్లోంచి ఇంగువ పోపు. కళ్లు మూసుకుంటే ఆ నెలలు ఇప్పటికీ నాకు వాసనలుగానే వస్తాయి. ఇక అడుగున నూనె నిలిచే తొట్టి ఒక్కటి బిగిస్తే అయిపోతుందనగా విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఈ ఊళ్లో ఎవరూ పానా ముట్టరు. పనిముట్లకు బొట్లు పెట్టి విశ్రాంతి ఇస్తారు. అమ్మ కూడా సవతి మీద కోపం మరిచి, ఇంజిన్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బుట్టెడు బంతిపూలతో పూజ చేసింది. మర్నాడు నాన్న కనబడిన పూలన్నీ భక్తిగా ఏరేసి, తొట్టి బిగించి, ఇంజిన్‌ను జీపులోకి దించారు.

స్టార్ట్ చేస్తే ఆయిల్ ప్రెషర్ ముల్లు హుందాగా లేచింది. కాసేపటికి నిద్ర ముంచుకొచ్చినట్టు వాలిపోయి సున్నా మీద పడుకుంది. మీటరు మార్చారు, ఫిల్టర్ మార్చారు. మళ్లీ అదే తంతు. నాన్న కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిలలాడారు. అన్నం కూడా సహించలేదు.

“బేరింగులే సరిగ్గా కూకోలేదు. నా సేతిలో పని పోనాది. దీన్ని పాతినుం కొనే కబాడీవోడికి ఇచ్చెత్తాను, మరింక పానా ముట్టను,” అన్నారు.

నాకు నిజంగా భయం వేసింది. పానా పట్టని నాన్నను ఎలా చూడాలో తెలియలేదు.

“నాన్నా, ఏక్ బార్ ఔర్ దేఖ్ లో నా,” అని, ఇంకొక్కసారి చూడమని ఈ ఊరి హిందీలోనే బతిమాలాను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ స్టార్ట్ చేశారు. ముల్లు పడగానే ఇంజిన్ ఆపి, కాసేపాగి మళ్లీ తాళం తిప్పారు. ముల్లు లేచింది. నాన్న కిందికి వంగి ఇంజిన్ అడుగుకేసి చూశారు.

“ఏడెక్కకముందే పడిపోతంది, ఆపితే మల్లీ లెగుత్తంది. బేరింగు పోతే ఇలాగవదు. నూనె పీల్సే జాలీకి ఏటో అడ్డం పడతంది, ఆపగానే జారిపోతంది!”

జీపు కిందికి దూరి తొట్టి దించారు. నూనె వడకట్టే జల్లెడలాంటి ఆ జాలీ నిండా బంతిరేకులు! మిగతావి తేనెరంగు నూనెలో చేపపిల్లల్లా తేలుతున్నాయి.

“ఏటే, ఇందులోకి పువ్వులెలాగొచ్చినాయి?” అని అరిచారు నాన్న.

“నానే ఏసినాను. దేవుడు లోపల కదా ఉంటాడు, పైన సల్లితే ఏటి లాభం? సందుల్లోకి కూరినాను,” అంది అమ్మ, ఏమాత్రం జంకకుండా.

నాన్న ఆ రేకులను దోసిట్లోకి తీసుకుని నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు, ముఖమంతా నూనె. అన్నీ శుభ్రం చేసి మళ్లీ బిగించాక ముల్లు లేచి, లేచినచోటే నిలబడింది. ఆ సాయంత్రం అగ్రికో కాలనీ దాకా షికారు వెళ్లాం. సవతి ముందు సీటులో అమ్మే కూర్చుంది. నాన్న ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, దారి పొడుగునా ఈల వేస్తూనే ఉన్నారు.

ఇప్పుడు నాన్న లేరు. ఈ ఉదయం అమ్మ ఒక బంతిపువ్వు పట్టుకుని నా కారు దగ్గరకు వచ్చి, “ఎక్కడెట్టమంటావే? లోపల ఎట్టన్లే,” అంది. అద్దం ముందు పెట్టించుకుని బయలుదేరాను. ఇంజిన్ హాయిగా నడుస్తోంది, నాకే నాన్న మీద బెంగగా ఉంది. కాలానికి కూడా లోపలెక్కడో ఒక జాలీ ఉండి, అమ్మ దానికీ ఇన్ని బంతిరేకులు కూరి ఉంటే, కాలం ఆ షికారు సాయంత్రం దగ్గర కాసేపైనా ఆగి ఉండేది.